బతుకమ్మ పెద్దమ్మ ఏడుపు

16 నవంబర్ 1987

తల్లి వేషం నాకే ఇచ్చారు.

రాసి చూసుకుంటే తప్ప నమ్మబుద్ధి కావడం లేదు. ప్రమీలారాణి వాళ్ల నాన్న మొన్న శనివారం కాలేజీకి వచ్చి, మా అమ్మాయి మగపిల్లలతో కలిసి స్టేజీ ఎక్కదని ప్రిన్సిపాల్‌కు చెప్పి వెళ్లాడట. ఆయనకు గోదావరి ఒడ్డున పొలాలున్నాయి. ఆయన మాటకు ఎదురు చెప్పేవాళ్లు లేరు. ఈ రోజు చెంచురామయ్య సార్ మా బి.ఏ. సెకండియర్ క్లాసుకు వచ్చి ఆడపిల్లల బెంచీల వైపు చూశారు. మేము ఆరుగురం. ఐదుగురు తల దించుకున్నారు. నేను దించుకోలేదు. జరిగింది అంతే.

కాలేజీలో చేరి ఏడాదిన్నర. ప్రార్థన పాడడానికి పిలవలేదు, గ్రూప్ డాన్సుకు పిలవలేదు. నేను పొడుగు, నలుపు. నాది మగగొంతని వెనక బెంచీల్లో అనుకుంటారు. సార్ నా చేత నాలుగు లైన్లు చదివించారు. మైకు లేకపోయినా సారక్క గొంతు చివరి వరస దాకా పోతుందన్నారు. మా బొగ్గుగనుల కాలనీలో బస్సు దిగేదాకా అదే మాట మనసులో తిప్పుకుంటూ వచ్చాను.

నాటకం పేరు 'మూడో షిఫ్టు'. సారే రాశారు. ఆయనది సత్తుపల్లి వైపు. బొగ్గు బాయి ఎన్నడూ దిగలేదు. కథ చిన్నదే. బాయిలో ఒక కార్మికుడు చనిపోతాడు, భార్యా కొడుకూ మిగులుతారు. ముందు కాలేజ్ డే. తర్వాత ఖమ్మంలో జిల్లా పోటీలు. అక్కడ గెలిస్తే వరంగల్.

కొడుకు వేషం సారంగపాణిది.

18 నవంబర్

సారంగపాణి ఎందుకు ఒప్పుకున్నాడో తెలియడం లేదు.

వాళ్లు మా లైన్లోనే ఉంటారు, మాకు నాలుగు క్వార్టర్ల అవతల. నా క్లాసే. వాళ్ల నాయన సీతయ్య రెండు నెలల కింద బాయిలో పైకప్పు బండ పడి చనిపోయాడు. మా నాయనా ఆయనా ఒకే షిఫ్టు. ఆయనను పైకి మోసుకొచ్చిన నలుగురిలో మా నాయన ఒకడు. నేనప్పుడు కారేపల్లిలో మామయ్య ఇంట్లో ఉన్నాను. వచ్చేసరికి అంతా అయిపోయింది.

సార్‌కు ఈ సంగతి తెలుసు. తెలిసే అతణ్ని తీసుకున్నారు. బస్సులో పక్కన నిలబడి ఉంటే అడిగేశాను. ఇంట్లో ఉంటే వాళ్ల అమ్మ ముఖం చూడలేకపోతున్నాడట. రిహార్సల్‌లో అయితే ఎవరో రాసిన మాటలు అప్పజెబితే చాలట, తన మాటలు వెతుక్కునే పని లేదట.

24 నవంబర్

ఘోరం.

ఏడుపు సీను. "విధీ! నా నుదుటి కుంకుమ తుడిచివేశావా!" అని సార్ రాశారు. నేను చేతులు పైకెత్తి అరిచాను. అందరూ నవ్వారు. చప్పట్లు కూడా కొట్టారు, వెక్కిరింపుకు.

సార్ నవ్వలేదు. డైలాగ్ పేపరు మడిచి జేబులో పెట్టుకున్నారు. మీ కాలనీలో ఏడ్చిన ఆడవాళ్లను ఎప్పుడూ చూడలేదా అని అడిగారు. వెళ్లి చూడమన్నారు. నటన అంటే సగం చూడడమేనట. ఇంకో రెండు వారాలు చూసి, కుదరకపోతే ఆ సీనే తీసేస్తానన్నారు.

సీను తీసేస్తే నాకేం మిగులుతుంది? రెండుసార్లు చాయ్ గ్లాసు తెచ్చిపెట్టడం.

సారంగపాణి పక్కనే ఉన్నాడు. చెప్పు కొసతో నేల గీకుతున్నాడు.

25 నవంబర్

బతుకమ్మ పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. సారంగపాణి వాళ్ల అమ్మ. ఎందుకు వచ్చావని ఆమె అడగలేదు. బియ్యం ఏరుతుంటే నేనూ కూర్చుని ఏరాను.

ఆమె ఏడవలేదు.

29 నవంబర్, ఆదివారం

ఐదో రోజు. రోజూ పోతున్నాను. నేను వస్తే ఇల్లు కొంచెం ఇల్లులా ఉంటుందట. ఆ మాట అన్నప్పుడు సిగ్గేసింది. అయినా మళ్లీ రేపు పోతాను.

ఈ రోజు బియ్యం డ్రమ్ము కింది నుంచి ఒక కాగితం తీసి చూపించింది. సారంగపాణికి డిపెండెంట్ ఉద్యోగం ఇస్తామని కంపెనీ వాళ్లు పంపిన ఫారం. నాయన పోతే కొడుక్కి బాయి పని. వాడి సంతకం ఒక్కటే తక్కువ. కానీ వాడికి కనిపించకుండా దాచిందట. నన్ను చదివి వినిపించమంది. చదివాను. మళ్లీ డ్రమ్ము కింద పెట్టేసింది.

"నా కొడుకు బాయి దిగడు బిడ్డా. సదువుకుంటడు. పంతులైతడు. నువ్వు జెర చెప్తుండు, వాని మనసు కుదురుగ లేదు."

చెబుతానన్నాను.

3 డిసెంబర్, సాయంత్రం 5 గంటలు

మరిచిపోకముందే రాసుకోవాలి.

పెద్దమ్మ గూట్లోంచి సీతయ్య పెదనాయన టిఫిన్ డబ్బా తీసింది. సారంగపాణి డబ్బా కారుతోందట, రేపటి నుంచి ఇది ఇద్దామని. మూత మీద సొట్ట ఉంది. అదేమిటని నేనే అడిగాను. చెప్పింది. ఆయన పోయిన రోజు మా నాయన ఈ డబ్బాను కూడా పైకి తెచ్చి ఆమె చేతికిచ్చాడు. మూత ఎంతకూ రాలేదు. సారంగపాణి రోకలితో కొట్టి తీశాడు. లోపల అన్నం అలాగే ఉంది. మూత నేనే అంత గట్టిగా పెట్టాను, ఆయనకు తియ్యడానికి రాక ఆకలితో పోయాడు, అంది. అంటూ అంటూ మొదలుపెట్టింది.

కుడి అరచెయ్యి నేలకేసి రెండుసార్లు కొడుతుంది. మూడోసారి కొట్టదు. చెయ్యి గాలిలో ఆగి, మెల్లగా నేల మీద వాలుతుంది. అప్పుడు లోపలికి ఒక ఊపిరి, ఎక్కిళ్లలాగా. తర్వాత మాట.

"మూత బిర్రుగ పెట్టిన్నా మనిషీ... తియ్యరాలేదా మనిషీ... ఆకలితోటే పోతివా మనిషీ..."

ఆయనను ఆమె ఎన్నడూ పేరు పెట్టి పిలవలేదు, మనిషీ అనే పిలిచేది. ఆ 'మనిషీ' పైకి పోదు. కిందికి జారుతుంది. చివర్లో గొంతు ఉండదు, ఊపిరే ఉంటుంది. మళ్లీ రెండు దెబ్బలు. మళ్లీ ఆగడం.

నేను ఎడమ చేత్తో ఆమె వీపు నిమురుతున్నాను. కుడి చేతి వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నాను.

7 డిసెంబర్

చేశాను. రిహార్సల్ రూములో ఎవరూ నవ్వలేదు. లైట్లు పట్టుకునే కుర్రాళ్లు కూడా అలాగే నిలబడిపోయారు. సార్ లేచి వచ్చి, ఇది నీకెక్కడ దొరికిందని అడిగారు. మా కాలనీలో అన్నాను. తన డైలాగ్ కొట్టేసి నా మాటలు స్క్రిప్టులో ఎక్కించారు. పెన్నుతో, నా ముందే.

బయటికి వచ్చాక సారంగపాణి నా వెనకే వచ్చాడు. ముఖం నల్లబడి ఉంది.

"మా అవ్వనడిగినవా?"

"అవ్. అడిగిన. సరే అన్నది."

ఆమె సరేనంటే సరేనని అనుకున్నట్టున్నాడు. ఆ మాట అప్పటికప్పుడు నా నోట్లోంచి వచ్చేసింది. రేపు నిజంగానే అడిగేస్తే అబద్ధం కాకుండా పోతుంది.

8 డిసెంబర్

అడగలేదు.

14 డిసెంబర్

ఇప్పుడు నేను పెద్దమ్మ ఇంటికి పోవడం లేదు. రిహార్సల్ ఆలస్యమవుతోందని అమ్మకు చెబుతున్నాను. నిజమే. అదొక్కటే కారణం కాదు.

22 డిసెంబర్, కాలేజ్ డే

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

ఐదింటికి మొదలు కావలసింది ఆరున్నరకు మొదలైంది. చీఫ్ గెస్టు జీపు భద్రాచలం రోడ్డులో ఆగిపోయిందట. ప్రార్థన, రిపోర్టు, దండలు, రన్నింగ్ రేసు బహుమతులు, ప్రమీలారాణి వాళ్ల గ్రూపు కోలాటం. తర్వాత మేము. సార్ భార్య నాకు పాత చీర కట్టారు, జుట్టుకు పౌడర్ కొట్టారు. తెర పక్క నుంచి చూస్తే షామియానా నిండా జనం. కాలనీ వాళ్లు సగం. మా నాయన మొదటి షిఫ్టు దిగి స్నానం చేసి, తెల్ల చొక్కాతో వచ్చాడు. అమ్మ పక్కన బతుకమ్మ పెద్దమ్మ. కొడుకు వేషం వేస్తున్నాడని సారంగపాణే పిలుచుకొచ్చాడు.

ఆమెను చూసిన తర్వాత కూడా నాకు చెయ్యకూడదని అనిపించలేదు. బాగా చెయ్యాలని అనిపించింది. ఇది రాయకపోతే ఇక డైరీ ఎందుకు.

నా సీను వచ్చింది. రెండు దెబ్బలు. చెయ్యి ఆగింది. ఊపిరి. "మూత బిర్రుగ పెట్టిన్నా మనిషీ." జనం అంతా ఒక్కసారి సద్దుమణిగారు. అంత నిశ్శబ్దం నా కోసం ఎప్పుడూ రాలేదు. రెండో 'మనిషీ' అంటుండగా నాయన లేచాడు. కుర్చీల మధ్య నుంచి అడ్డంగా నడిచి వెళ్లిపోయాడు. మూడోదానికి చప్పట్లు. ఈలలు. "వన్స్ మోర్" అని అరుస్తున్నారు. తెర పడింది.

వెనక్కి వచ్చి పౌడర్ దులుపుకుంటుంటే పెద్దమ్మ వచ్చింది. తిడుతుందనుకున్నాను. నా చెంప మీది రంగు కొంగుతో తుడిచింది.

"మంచిగ చేసినవ్ బిడ్డా. నాకన్న మంచిగ ఏడ్చినవ్."

వెళ్లిపోయింది. సారంగపాణి మేకప్ కడుక్కోకుండానే ఆమె వెనక పరుగెత్తాడు.

23 డిసెంబర్

కాలేజ్ డే కార్యక్రమాల్లో మా నాటకానికే ఫస్టు ప్రైజ్. నాయన నాటకం గురించి ఒక్క మాట అనలేదు. నేనూ అడగలేదు.

5 జనవరి 1988

సెలవుల తర్వాత మొదటి రోజు.

లంచ్ అవర్‌లో మూడో బెంచీ కుర్రాడు ఒకడు తన టిఫిన్ తీస్తూ, బెంచీ మీద రెండు దెబ్బలు కొట్టాడు. మూడోసారి చెయ్యి గాలిలో ఆపాడు. "తియ్యరాలేదా మనిషీ!" క్లాసంతా నవ్వు. ఇంకొకడు అందుకున్నాడు. తర్వాత నలుగురు. తాళంలాగా. ఊపిరి పీల్చడం కూడా తప్పలేదు. నేను చేసినట్టే చేశారు.

సారంగపాణి ముందర ఆ డబ్బానే ఉంది, సొట్ట పడ్డ మూత పక్కన పెట్టి. ఒక ముద్ద తిని ఉంటాడు. మూత పెట్టేశాడు. డబ్బా సంచిలో వేసుకుని లేచాడు. నేను వరండాలో ఎదురెళ్లాను.

"మా అవ్వ సరే అన్నదన్నవ్ గదా. నిన్న అవ్వనడిగిన. నేను దేనికి సరే అన్నరా అన్నది."

నేను నోరు తెరిచాను. ఏదో ఒకటి వస్తుందనుకున్నాను.

"నువ్వేం చెప్పకు," అన్నాడు. "నువ్వు చెప్తే మంచిగనే ఉంటది."

9 జనవరి

సారంగపాణి కాలేజీకి రావడం లేదు. కాలనీలో చిన్నపిల్లలు కూడా మొదలుపెట్టారు. గోళీలాటలో ఓడిపోయినవాడు నేల కొట్టి 'మనిషీ' అనాలట. ఒకణ్ని చెవి పట్టుకుని కొట్టాను. వాళ్ల అమ్మ వచ్చి, నువ్వు స్టేజీ మీద అంటే చప్పట్లు, మా వాడు అంటే తప్పా అని అడిగింది.

18 జనవరి

నల్లా దగ్గర పెద్దమ్మ. తప్పించుకుందామనుకున్నాను, బిందె సగం నిండింది.

సారంగపాణి బియ్యం డ్రమ్ము కింది కాగితం వెతికి తీసుకుని, సంతకం పెట్టి ఇచ్చి వచ్చాడట. కాలేజీ మొఖం చూడనన్నాడట. మెడికల్ కూడా అయిపోయింది. వచ్చే నెల నుంచి ట్రైనింగ్. ఆమె వాడి కాళ్లు పట్టుకుందట.

నా వల్లే పెద్దమ్మా అన్నాను. ఆమె నల్లా కింది నుంచి నా బిందె జరిపి తన బిందె పెట్టింది.

"సంక్రాంతినాడు ఆయన ఫోటో ముంగట కూసున్న. ఏడుపు రావట్టింది. చెయ్యి లేవంగనే నువ్వు యాదికొచ్చినవ్. ఆ లైట్లు, ఆ ఈలలు. నోరు మూసుకున్న. గిప్పుడు ఏడ్వాల్నన్నా నీ నాటకం లెక్కనే అనిపిస్తున్నది."

కోపంగా అనలేదు. పప్పు ఉడకడం లేదని చెప్పినట్టు చెప్పింది.

20 జనవరి

నేను ఇక చెయ్యనని సార్‌తో చెప్పాను. కారణం అడిగారు. మొత్తం చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. బాధపడ్డారు. తర్వాత, అందుకే సారక్కా ఇది గొప్పగా వచ్చింది, ఆ తల్లి బాధ నలుగురికీ తెలియాలంటే నువ్వే చెయ్యాలి అన్నారు. పేర్లు ఖమ్మం పంపేశారట. నేను మానేస్తే పదిమంది కష్టం పోతుందట.

కొడుకు వేషానికి భీమ్లాను పెట్టారు. ఫస్టియర్. తండా నుంచి రోజూ పది కిలోమీటర్లు సైకిల్ మీద వస్తాడు. వాడి ముఖంలో ఎంత సంతోషమో.

సరే అన్నాను.

30 జనవరి, ఖమ్మం

ఫస్టు. బెస్ట్ యాక్ట్రెస్ నేనే. జడ్జిల్లో ఒకాయన, ఇంత సహజమైన దుఃఖం తాను స్టేజీ మీద చూడలేదని మైకులో చెప్పారు. కప్పు నా మోచేతి అంత ఉంది. బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చాను. ఏన్కూరు దాటాక అడవి మొదలైంది. అందరూ పాటలు పాడుతున్నారు. నన్నూ పాడమన్నారు. గొంతు పోయిందని చెప్పాను.

1 ఫిబ్రవరి, ఉదయం 5 గంటలు

నాయన ఇప్పుడే షిఫ్టుకు పోయాడు. గబగబా రాస్తున్నాను. వంకరగా వస్తే రానీ.

అమ్మ ఇంకా లేవలేదు. నేను చాయ్ పెట్టిచ్చాను. నాయన బల్ల మీది కప్పును తిప్పి చూశాడు. మంచిగుంది అన్నాడు. తర్వాత, నా వైపు చూడకుండా:

"ఆ డబ్బా మూత బిర్రుగ పెట్టింది బతుకమ్మ గాదు. నేను."

ఏంది నాయినా అన్నాను.

బండ పడ్డాక పైనుంచి మనుషులు వచ్చేదాకా మూడు గంటలు. సీతయ్య అప్పటికే పోయాడు. నాయన ఆయన పక్కన ఒక్కడే చీకట్లో కూర్చున్నాడు. టోపీ మీది బత్తి ఆరిపోతుందేమోనని భయం. ఏం చెయ్యాలో తెలియక చేతికి తగిలిన డబ్బా తీశాడు. ఆకలేసింది. మనిషి చచ్చిపోయి పక్కన ఉంటే ఆకలెట్లా వేసిందో తెలియదన్నాడు. రెండు ముద్దలు తిన్నాడు. తర్వాత అన్నం చేత్తో సదిరి, ఎవరికీ తెలియకుండా మూత పెట్టి, మోకాలు ఆనించి ఒత్తాడు. బలం ఎంత ఉంటే అంత.

"సచ్చినోని అన్నం తిన్ననని ఆమెకెట్ల చెప్పాలె? చెప్పకపోతి. ఆమె తనే బిర్రుగ పెట్టిన్నని ఏడుస్తుంటె విన్న. నువ్వు గూడ అదే మాట అంటివి, ఊరంత విన్నది. నువ్వన్నప్పుడల్ల ఆ మూత నా మోకాలు కిందనే ఉన్నట్టుంటది."

అందుకే లేచి వెళ్లిపోయాడు ఆ రోజు.

నేను పెద్దమ్మకు చెబుతానన్నాను. వద్దు, నేనే చెబుతానన్నాడు. ఈ ఆదివారం చెబుతాడట. సారంగపాణి కిందికి దిగే రోజు తన పక్కనే పెట్టుకుంటానని కూడా చెబుతాడట.

7 ఫిబ్రవరి, ఆదివారం

నాయనకు జ్వరం. వణుకు. మూడు దుప్పట్లు కప్పాం. చెప్పడం వచ్చే ఆదివారానికి వాయిదా పడింది.

9 ఫిబ్రవరి

తగ్గింది. షిఫ్టుకు పోయాడు. వద్దంటే వినలేదు.

11 ఫిబ్రవరి, మధ్యాహ్నం

దవాఖాన. మలేరియా మెదడుకెక్కిందన్నారు. నన్ను గుర్తు పట్టలేదు. చేతులతో గాలిలో దేన్నో కిందికి ఒత్తుతున్నాడు.

12 ఫిబ్రవరి

ఉదయం పదకొండుంపావుకు.

16 ఫిబ్రవరి

నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. రాయకపోతే అది జరగలేదని అనుకుంటానేమోనని భయం.

నాయనను క్వార్టర్ ముందర పడుకోబెట్టారు. కాలనీ ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి అమ్మ మెడ పట్టుకుని ఏడుస్తున్నారు. నేను గోడకు ఆనుకుని ఉన్నాను. నాకు ఏడుపు రావడం లేదు. ఎవరో నన్ను ముందుకు నెట్టారు. ఏడువు బిడ్డా, గుండె పగులుతుంది, ఏడువు అన్నారు.

నాయన మీద పడ్డాను. నా చెయ్యి నేలకేసి కొట్టింది. ఒకటి. రెండు. మూడోసారి ఆగింది. గాలిలో ఆగి మెల్లగా వాలింది. ఊపిరి లోపలికి వచ్చింది. నాయినా అనాలి. నాకు తెలుసు నాయినా అనాలని.

"మనిషీ" అన్నాను.

ఏడుస్తున్నవాళ్లంతా ఆగిపోయారు. వెనక ఎవరో ఆడపిల్ల నవ్వు ఆపుకోలేక ముక్కుతో చప్పుడు చేసింది. ఆమె తప్పు కాదు. అమ్మ నా జుట్టు పట్టుకుని లేపి చెంప మీద కొట్టింది.

"ఎవల్ని పిలుస్తున్నవే? నా మొగని పీనుగ కాడ గూడ నాటకమేనా?"

బతుకమ్మ పెద్దమ్మ వచ్చి నా రెక్క పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయింది. నీళ్లిచ్చింది. తాగు, ఇంక బయటికి రాకు అంది. బయటి నుంచి గొళ్లెం పెట్టింది. నాయనను ఎత్తుతుంటే డప్పుల చప్పుడు విన్నాను. గొళ్లెం తియ్యమని అరిచాను. నాకు వినిపించింది, నా గొంతు చివరి వరస దాకా పోయే గొంతు. ఎవరూ తియ్యలేదు.

24 ఫిబ్రవరి

అమ్మ నాతో పని మాటలే మాట్లాడుతోంది. ఉప్పు. బొగ్గులు. తలుపు.

ఈ రోజు నుంచి సారంగపాణికి బాయి లోపల ట్రైనింగ్. మొదటి షిఫ్టు. మా ఇంటి ముందు నుంచే పోయాడు. తలకు టోపీ, చేతిలో ఆ డబ్బా. నేను గడపలో ఉన్నాను. చూశాడు. ఆగలేదు.

27 ఫిబ్రవరి

పెద్దమ్మకు చెప్పాను.

నాయన చెప్పలేకపోయాడు, నేనైనా చెప్పాలి. మూత ఆమె గట్టిగా పెట్టలేదు, ఆయన తియ్యలేక ఆకలితో పోలేదు, బండ పడగానే పోయాడు, ఆకలి వేసే టైము కూడా లేదు. ఈ ఒక్కటి తెలిస్తే ఆమెకు కొంచెం నిద్ర పడుతుంది. నాయన రెండు ముద్దలు తిన్నది కూడా దాచలేదు. మోకాలు సంగతీ చెప్పాను. చెబుతుంటే నా కళ్లలో నీళ్లు వచ్చాయి. నిజం నీళ్లు. నాకే ఆశ్చర్యం వేసింది.

ఆమె బియ్యం చెరుగుతున్న చాట పక్కన పెట్టి చివరిదాకా విన్నది. నా ముఖాన్ని అటూ ఇటూ చూసింది. ఎక్కడ రంగు ఉందో వెతికినట్టు.

"గిది గూడ నాటకంలున్నదా బిడ్డా?"

లేదు పెద్దమ్మా, నాయన మీద ఒట్టు అన్నాను. నాయన ఏడీ ఒట్టు పెట్టుకోవడానికి.

"మంచిగ చెప్పినవ్," అన్నది. చాట ఒళ్లోకి తీసుకుంది. "కొత్తగ రాసిండ్రా మీ సారు?"

7 మార్చి

చెంచురామయ్య సార్ ఇంటికి వచ్చారు. అరటిపళ్లు తెచ్చారు. అమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. నాయన మంచితనం గురించి రెండు మాటలు చెప్పారు, ఆయనకు నాయన తెలియదు. తర్వాత, పద్దెనిమిదో తారీఖున వరంగల్‌లో పోటీ అన్నారు. నిన్ను బలవంతం చెయ్యను తల్లీ, కానీ ఇంకెవరి వల్లా అవదు అన్నారు. భీమ్లా గేటు దగ్గర సైకిల్ పట్టుకుని నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

నేను రానని చెప్పబోయాను. అమ్మ పొయ్యి దగ్గర నుంచే అన్నది.

"తోల్కపొండ్రి సారూ. ఇంట్ల ఏడ్వకుంటె సాలు."

10 మార్చి, రాత్రి 8 గంటలు

రిహార్సల్‌కు వెళ్లాను. సీను వచ్చింది. ఏడ్చాను. నాయన పోయాక గొంతెత్తి ఏడవడం ఇదే.

సార్ కళ్లజోడు తీసి తుడుచుకుని, ఇంకొక్కసారి అన్నారు. చేశాను. చాలు, ఈ రోజుకు చాలు అన్నారు. లైట్లు ఆర్పేశారు. భీమ్లా కుర్చీలు మడతపెడుతున్నాడు.

మళ్లీ చేశాను.